యువ ఆటగాడి విసురులో, దెబ్బలో ఏం చూడాలి?

(బల్లార్షాలో వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, రాజురా, అహేరి, సిరొంచల నుంచి శ్రమపడి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయులకు, పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

అమెరికాలో బేస్‌బాల్ స్కౌట్లు, అంటే ప్రతిభ ఉన్న ఆటగాళ్లను వెతికేవారు, ఒక కుర్రవాడిని చూసి వచ్చాక అతని ప్రతి నైపుణ్యానికీ 20 నుంచి 80 వరకు ఉన్న కొలమానంలో అంకెలు వేస్తారు. అక్కడి అత్యున్నత బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఆటగాడి సగటు స్థాయికి 50 ఇస్తారు. ఒక్కో నైపుణ్యానికి రెండు అంకెలు ఉంటాయి: ఒకటి ఇవాళ అతను ఆడుతున్న ఆటకు, రెండోది ఎదిగాక ఆడగలడని స్కౌట్ నమ్మిన ఆటకు. మన బేస్‌బాల్ ఎంపిక పోటీలలో మొదటి అంకె ఒక్కటే చూస్తున్నాం. ఎవరు గట్టిగా విసిరారు, ఎవరు దూరం కొట్టారు అని చూసి జట్టు ప్రకటిస్తున్నాం. పద్నాలుగేళ్లకే మీసం వచ్చిన కుర్రవాడు అక్కడ సులువుగా గెలుస్తాడు. ఆ రెండో అంకె వేయడం ఎలాగో చెప్పాలనే నేను ఇక్కడికి వచ్చాను.

మన పిల్లలు చాలామంది ఈ ఆటలోకి క్రికెట్ నుంచే వస్తారు కాబట్టి ముందు ఆ తేడా చూద్దాం. క్రికెట్‌లో బౌలర్ మోచేయి 15 డిగ్రీలకు మించి సాగితే బంతి చెల్లదు; బేస్‌బాల్‌లో మోచేయి వంచి విసరడమే పద్ధతి. కాబట్టి పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) కోసం వెతికేవారు బౌలర్లను మాత్రమే చూస్తే సరిపోదు. బౌండరీ దగ్గర నుంచి వికెట్ కీపర్ చేతుల్లోకి నేరుగా బంతి విసిరే ఫీల్డర్‌ను చూడాలి. చేయి వంగుతోందని బౌలింగ్ మాన్పించిన పిల్లవాడిని తప్పకుండా పిలిపించాలి. 2008లో ఒక టెలివిజన్ పోటీ ద్వారా వెలుగులోకి వచ్చి మేజర్ లీగ్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్న ఉత్తరప్రదేశ్ యువకులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ జావెలిన్ విసిరినవారే. చేతిలో వేగం ఉంది కాబట్టే అంత దూరం వెళ్లారు. మేజర్ లీగ్ వరకు మాత్రం చేరలేకపోయారు. చిన్నప్పటి నుంచి ఆడుతున్నవారికి అప్పటికే అబ్బిన మెళకువలను వారు పెద్దయ్యాక నేర్చుకోవలసి వచ్చిందని నేను అనుకుంటాను. పన్నెండు, పదమూడేళ్ల వయసులోనే మంచి విసురును గుర్తించాలని నేను పట్టుబట్టేది అందుకే.

విసురును చూసేవారు బంతి వెంట కళ్లు పరుగెత్తించకూడదు. పక్కకు నిలబడి పిల్లవాడి ముందు కాలు నేల తాకే క్షణాన్ని పట్టుకోవాలి. ఆ క్షణానికి అతని మోచేయి దాదాపు భుజం ఎత్తుకు వచ్చి ఉండాలి, నడుము తిరగడం మొదలై ఉండాలి, ఛాతీ మాత్రం ఇంకా బ్యాటర్ వైపు తిరగకుండా ఉండాలి. కాలిలో పుట్టిన బలం నడుముకు, నడుము నుంచి భుజానికి, చివరికి వేళ్లకు కొరడాలో సాగినట్టు సాగాలి. ఈ వరుస కుదిరిన సన్నని పిల్లవాడు బంతి వేగం కొలిచే రాడార్ గన్ మీద ఇవాళ తక్కువ వేగం చూపించినా, కండ పట్టాక వేగం పెరిగే అవకాశం ఉంది. నడుము కదలకుండా భుజబలంతోనే విసిరేవాడు ఇవాళ ఎక్కువ వేగం చూపించవచ్చు, కానీ ఆ భారమంతా మోచేతి మీద పడుతుంది. ఆ తర్వాత, బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ వెనక్కి వెళ్లి, వల అవతల నిలబడి, ఇరవై బంతుల తర్వాత కూడా చేయి అదే ఎత్తు నుంచి వస్తోందా, క్యాచర్ గ్లవ్ పట్టిన చోటికే బంతి వెళ్తోందా అని చూడాలి. పిచ్చర్ నిలబడే చోటు నుంచి, బ్యాటర్ పక్కన నేల మీద ఉండే పలక అయిన హోమ్ ప్లేట్‌కు దూరం 60 అడుగుల 6 అంగుళాలు, ఆ ప్లేట్ వెడల్పు 17 అంగుళాలు. అంత దూరం నుంచి ఆ ఇరుకులోకి పదే పదే వేయగలగడం వేగం కంటే అరుదైన గుణమని నా అభిప్రాయం.

బ్యాటింగ్ విషయంలో చూపు మీద ఎక్కువ దృష్టి పెట్టమంటాను. గంటకు 90 మైళ్ల బంతి దాదాపు 0.4 సెకన్లలో వచ్చేస్తుంది. ఆడాలా, వదలాలా అన్న నిర్ణయం అందులో సగం కాలంలోపే జరగాలి. క్రికెట్ నుంచి వచ్చినవాడు బంతి నేల తాకి లేచేదాకా ఆగుతాడు, మణికట్టు తిప్పి వెనక్కి నెడతాడు. ఇక్కడ బంతి నేల తాకకుండానే వస్తుంది; వెనక్కి వెళ్లిన బంతి ఫౌల్, అంటే పరుగుకు పనికిరాని దెబ్బ. ఈ అలవాట్లు మార్చుకోవచ్చు, వాటిని చూసి పిల్లవాడిని తీసిపారేయకూడదు. ఈ ప్రాంతపు మైదానంలోనే ఒక కుర్రవాడిని చూశాను. వంపు తిరిగి, కొట్టదగిన ఎత్తు కంటే కిందికి జారే బంతికి రెండుసార్లు బ్యాట్ ఊపి తప్పాడు. మూడోసారి అదే బంతి వస్తే ముందు పాదం నేలకు ఆన్చి, చేతులు వెనకే ఉంచి, బంతి క్యాచర్ గ్లవ్‌లో పడేదాకా తల తిప్పి చూశాడు గానీ బ్యాట్ కదపలేదు. చుట్టూ ఉన్నవారెవరూ చప్పట్లు కొట్టలేదు. ఆ రోజు నేను చూసిన బ్యాటింగ్‌లో అత్యుత్తమమైన క్షణం నా దృష్టిలో అదే. అల్యూమినియం బ్యాట్‌తో ఎగిరిన ఎత్తైన దెబ్బలు అంత సమాచారం ఇవ్వవు. వీలైతే చెక్క బ్యాట్ ఇచ్చి, దెబ్బ బ్యాట్‌లో ఏ భాగాన తగులుతోందో చూడండి.

పిచ్చర్‌గా పంపాలా, బ్యాటర్‌గా పంపాలా అని తల్లిదండ్రులు తొందరపడి అడుగుతుంటారు. జపాన్ ఆటగాడు షోహెయి ఓతానీ 2012లో ఉన్నత పాఠశాల విద్యార్థిగానే గంటకు 160 కిలోమీటర్ల వేగంతో విసిరాడు. అయినా జపాన్‌లో అతన్ని తీసుకున్న జట్టు బ్యాటింగ్ మాన్పించలేదు. 2024లో మేజర్ లీగ్‌లో ఒకే సీజన్లో 54 హోమ్ రన్లు (మైదానం దాటించిన దెబ్బలు), 59 స్టోలెన్ బేస్‌లు (దెబ్బ లేకుండానే పరుగెత్తి గెలిచిన బేస్‌లు) సాధించింది ఆ ఆటగాడే. పదిహేనేళ్లకు ముందే పిల్లవాడికి రెండింటిలో ఒక తలుపు మూసేయకండి.

అయితే అదే ఓతానీకి 2018లో మోచేతి స్నాయువుకు శస్త్రచికిత్స జరిగింది. చేతిని కాపాడే లెక్క తల్లిదండ్రుల చేతుల్లో ఉండాలి. అమెరికాలో మేజర్ లీగ్ సంస్థ సూచించిన పరిమితుల ప్రకారం 11, 12 ఏళ్లవారు రోజుకు 85, 13 నుంచి 16 ఏళ్లవారు 95 బంతులకు మించి విసరకూడదు. 14 ఏళ్లలోపు పిల్లవాడు ఒక రోజు 66 లేదా అంతకంటే ఎక్కువ విసిరితే నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వాలి. పన్నెండేళ్ల వరకు వంపు బంతుల జోలికి పోకూడదు. బడిలో కోచ్ మరాఠీలో రాసుకునే పుస్తకం మీదే ఆధారపడకుండా, ఇంట్లో తెలుగులో ఒక నోటు పుస్తకం పెట్టి, తేదీ, వేసిన బంతులు, మోచేతి లోపలి వైపు నొప్పి ఉందా లేదా అన్న మూడు సంగతులు తల్లి అయినా రాయవచ్చు. నొప్పి అంటే ఆ రోజుకి ఆట ఆపాలి, తగ్గకపోతే ఎముకల వైద్యుడికి చూపించాలి. ఎండాకాలం మన చంద్రపూర్ వేడిలో పగటిపూట ఎంపిక పోటీలు పెట్టడం కూడా సరికాదు. అలసిన చేతిని చూసి వేసే అంకె పిల్లవాడికి అన్యాయం చేస్తుంది.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. ఈసారి జట్టులోకి రాని పిల్లల పేర్లు కూడా రెండు అంకెలతో సహా రిజిస్టరులో ఉంచండి. రెండో అంకె ఎక్కువగా ఉన్నవారిని ఎత్తు, బరువు మళ్లీ కొలిచి, వచ్చే ఏడాది ఎంపికకు మీరే కబురు పెట్టి పిలిపించండి.