సైబీరియా కొత్త పైప్‌లైన్ గురించి అనుకున్నాం, సుద్జా దగ్గర చిక్కుకున్నాం

సుజాత: నమస్కారం. పోయిన భాగం చివర మాట ఇచ్చినట్టే ఈరోజు 'పవర్ ఆఫ్ సైబీరియా 2' గురించి మాట్లాడుకుందాం. రఘురామ్ గారు ఎప్పటిలాగే నా ఎదురుగా కూర్చున్నారు. ఆ పసుపు పటాన్ని ఈసారి సంచిలోంచి తీయనని ముందే ఒప్పుకున్నారు.

రఘురామ్: పటం తీయను. గొట్టంలో వాయువును నెట్టే కంప్రెసర్ల గురించి మాట్లాడనని మాత్రం నేను ఎక్కడా ఒప్పుకోలేదు.

సుజాత: అది మన శ్రోతలు ఆశించనూ లేదు. ముందు విషయం చెప్పండి.

రఘురామ్: 2025 సెప్టెంబరులో పుతిన్ బీజింగ్‌లో ఉన్నప్పుడు, మంగోలియా మీదుగా చైనాకు ఏడాదికి 5,000 కోట్ల ఘనపు మీటర్ల సహజవాయువును 30 ఏళ్ల పాటు పంపే పైప్‌లైన్‌కు సంబంధించి, ఇరుపక్షాలూ కట్టుబడవలసిన పత్రం మీద సంతకాలయ్యాయని రష్యా ప్రభుత్వ వాయు కంపెనీ గాజ్‌ప్రోమ్ అధిపతి అలెక్సీ మిల్లర్ ప్రకటించారు. ధర మాత్రం తేలలేదు. 2019 డిసెంబరులో మొదలైన మొదటి పవర్ ఆఫ్ సైబీరియాకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. మొదటిదానికి వాయువు తూర్పు సైబీరియాలోని చయాందా, కొవిక్తా క్షేత్రాల నుంచి వస్తుంది, ఆ క్షేత్రాలకు యూరప్ వైపు దారే లేదు. రెండోదానికి వాయువు పశ్చిమ సైబీరియా నుంచి, అంటే యాభై ఏళ్లుగా యూరప్ ఇళ్లను వెచ్చబరిచిన ప్రాంతం నుంచి రావాలి. యూరప్ కొనడం మానేసినంత మాత్రాన ఆ వాయువును చైనా వైపు తిప్పడం సాధ్యం కాదు, ఎందుకంటే ఆ రెండు వ్యవస్థలనూ కలిపే గొట్టం ఇంతవరకు లేదు.

సుజాత: ఆ వాయువు యూరప్‌కు వెళ్లిన చివరి దారుల్లో ఒకటి సుద్జా. అక్కడ 2024లో జరిగినది నాకు ఇప్పటికీ నమ్మశక్యంగా లేదు. ఆగస్టులో ఉక్రెయిన్ సేనలు రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలోకి చొచ్చుకువెళ్లి, సరిహద్దుకు అటువైపున్న సుద్జాలో, పారే వాయువును కొలిచే మీటరింగ్ కేంద్రాన్ని చేజిక్కించుకున్నాయి. చుట్టూ ఫిరంగులు మోగుతున్నా, రోజుకు సుమారు 4 కోట్ల ఘనపు మీటర్ల రష్యా వాయువు ఉక్రెయిన్ సైనికుల కాళ్ల కింది నుంచే ఉక్రెయిన్‌లోకి, అక్కడి నుంచి స్లొవాకియాకు, ఆస్ట్రియాకు పారుతూనే ఉంది.

రఘురామ్: నేను చాలాకాలంగా చెబుతున్నది అదే కదా! యుద్ధం చేస్తున్న రెండు దేశాలు ఒకదాని నగరాల మీద ఒకటి క్షిపణులు వేసుకుంటూ కూడా పైప్‌లైన్ ఒప్పందాన్ని పాటించాయి. రష్యా రవాణా రుసుము చెల్లించింది, ఉక్రెయిన్ ఆ రుసుము పుచ్చుకుని వాయువును సరిహద్దు దాటించింది. 2019 డిసెంబరులో కుదిరిన అయిదేళ్ల ఒప్పందం గడువు తీరేదాకా, అంటే 2025 జనవరి 1 దాకా, ఆ దారి మూతపడలేదు. యుద్ధం కన్నా పైప్‌లైన్ గట్టిదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సుజాత: అదే మీరు తలకిందులుగా చదువుతున్నారని నా ఫిర్యాదు. ఆ పైప్‌లైన్ యుద్ధాన్ని ఆపలేదు, ఒక్క రోజు వాయిదా కూడా వేయలేదు. 1970 ఫిబ్రవరిలో ఎస్సెన్ నగరంలో పశ్చిమ జర్మనీ, సోవియట్ యూనియన్ మొదటి వాయు ఒప్పందం మీద సంతకాలు చేసినప్పుడు, జర్మన్ కంపెనీలు పెద్ద వ్యాసం ఉక్కు గొట్టాలు ఇస్తే, జర్మన్ బ్యాంకులు అప్పిస్తే, ఆ అప్పును మాస్కో వాయువుతో తీరుస్తుందని అనుకున్నారు. వ్యాపారం పెరిగే కొద్దీ మాస్కో మెత్తబడుతుందనే ఆశ దాని వెనుక ఉంది. యాభై రెండేళ్ల తర్వాత ట్యాంకులు కీవ్ వైపు కదిలిన రోజున కూడా ఆ గొట్టాల్లో వాయువు నిండుగానే ఉంది.

రఘురామ్: ఆ యాభై రెండేళ్లలో ప్రచ్ఛన్న యుద్ధపు చివరి ఇరవై ఏళ్లు ఉన్నాయని మరచిపోకండి. అఫ్గానిస్తాన్ మీద సోవియట్ దండయాత్ర వచ్చింది, పోలండ్‌లో సైనిక శాసనం వచ్చింది, వాయువు మాత్రం ఆగలేదు.

సుజాత: ఆగకపోవడమే శాంతి అనుకున్నారు, అదే సమస్య. ఉక్రెయిన్ ఎందుకు పంపిందో చూడండి. కొనుగోలుదారులు దాని మిత్రదేశాలే. ఒప్పందాన్ని తెంచిన అపవాదు తన మీద పడకూడదు. పైగా సోవియట్ కాలంలో తూర్పు నుంచి పడమరకు పారేలా నిర్మించిన ఆ వ్యవస్థలో, రష్యా వాయువు పారుతున్నంతకాలం లోపల ఒత్తిడిని నిలబెట్టడం తేలిక. రష్యా ఎందుకు పంపిందంటే, డబ్బు కోసం. ఎవరి లెక్క వారిదే తప్ప అందులో సఖ్యత ఎక్కడ ఉందండీ?

రఘురామ్: ఒత్తిడి అన్నారు. ఆ మాట మీరే ఎత్తారు, శ్రోతలు గమనించాలి.

సుజాత: సరే, రానివ్వండి. ఎలాగూ ఆపలేను.

రఘురామ్: గొట్టం అంటే ఇనుము మాత్రమే. నేల మీద వేసిన పెద్ద పైప్‌లైన్‌లో వాయువు వంద, నూట యాభై కిలోమీటర్లు పోయేసరికి రాపిడి వల్ల ఒత్తిడి తగ్గిపోతుంది. మళ్లీ నెట్టడానికి అక్కడొక కంప్రెసర్ కేంద్రం ఉండాలి, దాన్ని తిప్పడానికి విమాన ఇంజను లాంటి టర్బైన్ ఉండాలి. అందుకే అమెరికా అధ్యక్షుడు రీగన్ 1981 డిసెంబరులో, పోలండ్‌లో సైనిక శాసనం విధించిన రెండు వారాలకు, గొట్టాల జోలికి పోకుండా సామగ్రి మీద గురి పెట్టి, దాన్ని సోవియట్ యూనియన్‌కు అమ్మకుండా నిషేధించాడు. సైబీరియాలోని ఉరెంగోయ్ నుంచి ఉక్రెయిన్ పశ్చిమ సరిహద్దులోని ఉజ్‌గొరోద్ దాకా సుమారు 4,500 కిలోమీటర్ల పైప్‌లైన్ పథకం అప్పుడు సాగుతోంది. 1982 జూన్‌లో ఆ నిషేధాన్ని అమెరికన్ కంపెనీల విదేశీ శాఖలకూ, జనరల్ ఎలక్ట్రిక్ లైసెన్సుతో టర్బైన్లు చేస్తున్న యూరప్ కంపెనీలకూ వర్తింపజేశాడు. అక్కడ కథ అడ్డం తిరిగింది. రీగన్‌కు ఆప్తురాలైన బ్రిటన్ ప్రధాని థాచర్ ప్రభుత్వమే, అమెరికా ఆజ్ఞను ఖాతరు చేయక ఒప్పందాలు నెరవేర్చమని స్కాట్లాండ్‌లోని జాన్ బ్రౌన్ కంపెనీని ఆదేశించింది. ఫ్రాన్స్ అయితే ఒక అమెరికన్ కంపెనీ ఫ్రెంచి శాఖ చేతనే కంప్రెసర్లను ఓడకెక్కించింది. నవంబరు 13న రీగన్ ఆంక్షలు ఎత్తివేశాడు. ఏడాది కూడా నిలవలేదు.

సుజాత: నిలవకపోవడానికి కారణం కంప్రెసర్ కాదు, కపటం. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో అదే రీగన్, సోవియట్ యూనియన్‌కు ధాన్యం అమ్మకం మీద ఉన్న నిషేధాన్ని తన దేశపు రైతుల కోసం ఎత్తేశాడు. మీ రైతులు అమ్ముకోవచ్చు, మా కార్మికులు అమ్ముకోకూడదా అని యూరప్ అడిగింది. ఆంక్షల నొప్పి విధించేవాడికి తగలకుండా మిత్రుడికి మాత్రమే తగిలితే ఆ ఆంక్షలు ఎక్కువకాలం నిలవవు.

రఘురామ్: ఇది నేను ఒప్పుకుంటాను. కానీ 2022లో కూడా...

సుజాత: టర్బైన్ కథేనా?

రఘురామ్: టర్బైన్ కథే. రష్యా నుంచి జర్మనీకి వెళ్లే నార్డ్ స్ట్రీమ్ పైప్‌లైన్‌లో బాల్టిక్ సముద్రం అడుగున 1,224 కిలోమీటర్ల దూరం మధ్యలో ఎక్కడా కంప్రెసర్ పెట్టే వీలు లేదు కనుక, ఒడ్డున పోర్తోవయా కేంద్రం ఒక్కటే 220 బార్ ఒత్తిడితో మొత్తం దూరాన్ని నెట్టాలి. ఆ కేంద్రపు టర్బైన్లలో ఒకటి మరమ్మతుకు మాంట్రియల్ వెళ్లి కెనడా ఆంక్షల్లో ఇరుక్కుంది. గాజ్‌ప్రోమ్ ఆ వంకతో జూన్‌లో సరఫరాను 40 శాతానికి, జూలైలో 20 శాతానికి తగ్గించింది. కెనడా మినహాయింపు ఇచ్చి టర్బైన్‌ను జర్మనీకి పంపితే, దాన్ని తీసుకోవడానికి రష్యా కాగితాలు సరిగా లేవంది. జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ ఆ దేశంలోని మ్యూల్‌హైమ్‌లో ఆ యంత్రం పక్కన నిలబడి, ఇది ప్రయాణానికి సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకుపోండి అని లోకానికి చూపించవలసి వచ్చింది. సెప్టెంబరు మొదట్లో నూనె కారుతోందని చెప్పి సరఫరాను పూర్తిగా ఆపేశారు. ఆ నెల 26న డెన్మార్క్ దీవి బోర్న్‌హోమ్ దగ్గర పేలుళ్లు జరిగి, మొదటి, రెండో నార్డ్ స్ట్రీమ్‌లకు కలిపి ఉన్న నాలుగు గొట్టాల్లో మూడు ధ్వంసమయ్యాయి.

సుజాత: ఎవరు పేల్చారన్నది ఈ కార్యక్రమంలో మాట్లాడకూడదన్న నియమం అమల్లోనే ఉంది.

రఘురామ్: జరిమానా నేను కట్టలేను, మాట్లాడను.

సుజాత: కానీ టర్బైన్ కథలో మీరు దాటేసే ముక్క ఒకటుంది. జర్మనీ మెడ పట్టుకున్నది టర్బైన్ కాదు, ఖాళీ నిల్వ. రేడెన్‌లో ఉన్న భూగర్భ నిల్వ కేంద్రం జర్మనీలోకెల్లా పెద్దది, అది అప్పుడు గాజ్‌ప్రోమ్ అనుబంధ సంస్థ చేతిలో ఉంది. 2021 శరదృతువులో, యుద్ధానికి కొన్ని నెలల ముందు, అది దాదాపు ఖాళీగా ఉంది. ఓడల్లో వచ్చే ద్రవ సహజవాయువును, అంటే ఎల్‌ఎన్‌జీని, దించుకోవడానికి జర్మనీకి సొంత టెర్మినల్ ఒక్కటీ లేదు. అమ్మేవాడికే గోదాము తాళం ఇచ్చి, పక్క దుకాణానికి దారి కూడా వేసుకోని కొనుగోలుదారు బేరమాడగలడా? అందుకే 2022 ఆగస్టులో యూరప్‌లో వాయువు టోకు ధర మెగావాట్ గంటకు 300 యూరోలు దాటింది.

రఘురామ్: ఆ డిసెంబరుకల్లా విల్‌హెల్మ్‌స్‌హాఫెన్‌లో తేలియాడే టెర్మినల్ కట్టేశారు కదా. చేయగలిగారు.

సుజాత: చేయగలిగిన దేశం నలభై ఏళ్లు ఎందుకు చేయలేదన్నదే నా ప్రశ్న. ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 2006, 2009 జనవరుల్లో వాయువు ఆగిపోయిన దెబ్బ తిన్న ఉక్రెయిన్, స్లొవాకియా నుంచి వాయువును వెనక్కి తెచ్చుకునే ఎదురు ప్రవాహం ఏర్పాటు చేసుకుని, 2015 నవంబరులో రష్యా నుంచి నేరుగా కొనడమే మానేసింది. సరిగ్గా అదే ఏడాది సెప్టెంబరులో, ఉక్రెయిన్ నుంచి క్రిమియాను రష్యా లాక్కున్న ఏడాదిన్నరకు, రెండో పైప్‌లైన్ నార్డ్ స్ట్రీమ్ 2 కోసం యూరప్ కంపెనీలు గాజ్‌ప్రోమ్‌తో ఒప్పందం చేసుకున్నాయి. దెబ్బ తిన్నవాడు కట్లు తెంచుకుంటుంటే, దెబ్బ తగలనివాడు రెండో కట్టు వేయించుకున్నాడు. గొట్టం రెండు చివర్లనూ కట్టేస్తుందన్నది నిజమే, కానీ రెండింటినీ సమానంగా కట్టదు. ఇంకో దారి లేనివాడి వైపే ముడి బిగుసుకుంటుంది.

రఘురామ్: రష్యాకు బిగుసుకోలేదంటారా? 2021లో యూరప్‌కు 15,000 కోట్ల ఘనపు మీటర్లకు పైగా పంపిన దేశం ఆ విపణిని పోగొట్టుకుంది. గాజ్‌ప్రోమ్ 2023లో 62,900 కోట్ల రూబుళ్ల నష్టం చూపించింది.

సుజాత: బిగుసుకుంది, కానీ ఆలస్యంగా. మొదటి చలికాలపు నొప్పి కొన్నవాడిది, తర్వాతి పదేళ్ల నొప్పి అమ్మినవాడిది. యుద్ధం మొదలుపెట్టేవాడు మొదటి చలికాలాన్నే లెక్క వేసుకుంటాడు.

రఘురామ్: ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు.

సుజాత: ఆ లెక్కలో చివరికి ఎవరు వణికారో కూడా చెప్పాలి. ఉక్రెయిన్ దారి మూసుకున్న 2025 జనవరి 1న మాల్దోవా నుంచి విడిపోయిన ట్రాన్స్‌నిస్ట్రియాలో ఇళ్లకు వేడి ఆగిపోయింది. ఆహార పరిశ్రమలు తప్ప మిగతా కర్మాగారాలు మూతపడ్డాయి, రోజూ గంటల తరబడి కరెంటు తీసేశారు. అక్కడ ఉన్నది రష్యా సైనికులే, రష్యాను నమ్ముకున్న జనమే. నల్లసముద్రం అడుగున టర్కీ మీదుగా వాయువు పంపే దారి ఉంది. మాల్దోవా బాకీ తీర్చలేదని చెప్పి గాజ్‌ప్రోమ్ పంపలేదు. తనవారనుకున్నవాళ్ల మీద కూడా ఆ కవాటాన్ని తిప్పగలిగారు.

రఘురామ్: మాల్దోవా ఆ బాకీని ఒప్పుకోలేదు, అది వేరే తగాదా. కానీ పెన్షను మీద బతికే ముసలివాళ్లకు ఆ తగాదాతో పని లేదు, నిజమే.

సుజాత: మీరు సుద్జాను గొప్పగా చెప్పారు కదా, ఆ కథ ముగింపు కూడా చూడండి. 2025 మార్చిలో అదే ఖాళీ గొట్టంలో రష్యా సైనికులు పాకుతూ వచ్చి ఉక్రెయిన్ సేనల వెనుక తేలారు. ఆ నెలలోనే మీటరింగ్ కేంద్రం తగలబడింది, నువ్వంటే నువ్వని ఇద్దరూ నిందించుకున్నారు. యుద్ధం కన్నా గట్టిదన్న గొట్టం యుద్ధానికి సొరంగమైంది.

రఘురామ్: సరే. మన అసలు విషయానికి పావుగంట కూడా మిగల్లేదు.

సుజాత: అయిదు నిమిషాలే మిగిలాయి. చైనా గురించి చెప్పండి.

రఘురామ్: చైనా మీ రేడెన్ పాఠం ముందే చదువుకుంది. 2009 నుంచి తుర్క్‌మెనిస్తాన్ వాయువు గొట్టంలో వస్తోంది, మయన్మార్ నుంచి ఇంకో గొట్టం ఉంది, తీరమంతా ఎల్‌ఎన్‌జీ టెర్మినళ్లున్నాయి, సొంత ఉత్పత్తి పెరుగుతోంది. కాబట్టి బీజింగ్‌కు తొందర లేదు. యూరోపియన్ యూనియన్ 2027 శరదృతువు నాటికి రష్యా పైప్‌లైన్ వాయువును పూర్తిగా మానెయ్యాలని చట్టం చేసుకుంది కనుక మాస్కోకు తొందర ఉంది. ధర ఎందుకు తేలలేదో ఇంతకన్నా వివరించనక్కరలేదు.

సుజాత: అంటే యూరప్‌కు ఒకప్పుడు తను వేసిన ముడిని రష్యా ఇప్పుడు తనే వేసుకుంటోంది.

రఘురామ్: వేసుకోవడానికి ముందు కట్టాలి కదా. మంగోలియా ముక్కకు డబ్బు ఎవరు పెడతారు, ఆ కేంద్రాల టర్బైన్లు ఎక్కడివి? 2022 తర్వాత పాశ్చాత్య టర్బైన్లు రావు. సొంతంగా చేసుకుంటామని రష్యా అంటోంది, 1982లో కూడా అదే అన్నారు, కొంతవరకు చేశారు కూడా, కాకపోతే వాటి సామర్థ్యం...

సుజాత: రఘురామ్ గారూ, సమయం అయిపోయిందని అవతలి నుంచి చేయి ఊపుతున్నారు.

రఘురామ్: ఒక్క మాట, పదహారు మెగావాట్ల యంత్రానికీ ఇరవై అయిదు మెగావాట్ల యంత్రానికీ మధ్య ఉన్న తేడా ఏమిటంటే...