ఒక్క కన్నీటి బొట్టు ఎవరిని కాపాడింది? డాంటే ‘డివైన్ కామెడీ’ రివ్యూ

అందరికీ నమస్కారం. ఈరోజు డాంటే ‘డివైన్ కామెడీ’ గురించి మాట్లాడుకుందాం. ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో 1265లో పుట్టిన కవి. రాజకీయ కక్షల వల్ల 1302లో ఊరు ఆయన్ని వెలివేసింది. మళ్లీ ఆ గడప తొక్కకుండానే 1321లో రవెన్నాలో కన్నుమూశాడు. ఈ కావ్యం ఆ ప్రవాసంలో పుట్టిందే. మొత్తం 100 సర్గలు, మూడు భాగాలు: నరకం, పాపాలు కడుక్కునే పర్వతం, స్వర్గం.

ఈ మూడు లోకాల్లో ప్రయాణించే కథానాయకుడు కూడా డాంటేనే. మొదట్లోనే, చీకటి అడవిలో దారి తప్పిన అతనికి చిరుత, సింహం, ఆడ తోడేలు అడ్డొస్తాయి. కామం, గర్వం, పేరాశ అని వాటికి అర్థాలు చెప్పేస్తుంటారు. ఆ పట్టిక కంఠస్థం చేయకపోయినా ఫర్వాలేదు. తోడేలుకి తిన్నాక ముందుకన్నా ఎక్కువ ఆకలేస్తుందని రాస్తాడు డాంటే. ఆ ఒక్క ముక్క చాలు, పేరాశ అంటే ఏంటో తెలుస్తుంది.

నరకం అనగానే మనకు సలసల కాగే నూనె గుర్తొస్తుంది కదా. డాంటే నరకంలో అట్టడుగున ఉండేది మంచు! నమ్మినవాళ్లను మోసం చేసినవాళ్లు అందులో గడ్డకట్టి ఉంటారు. మనసులో వెచ్చదనం ఏనాడో చంపేసుకున్నవాళ్లకు అదే చోటు. జోస్యాలు చెప్పినవాళ్ల తలలు వీపు వైపుకి తిరిగిపోయి ఉంటాయి, వెనక్కే నడవాలి. అంటే శిక్ష బయటినుంచి వచ్చి పడదు. చేసిన పాపమే తన అసలు రూపంలో ఎదురుగా నిలబడుతుంది. నాకు ఈ కావ్యంలో అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఇదే.

ఇక తండ్రీకొడుకుల కథ. గ్విడో ద మాంటెఫెల్ట్రో పేరున్న యోధుడు, ముసలితనంలో సన్యాసి అయ్యాడు. శత్రువుల కోటను ఎలా పట్టాలో చెప్పమని పోప్ బోనిఫేస్ 8 అడిగాడు, ఆ పాపానికి ముందే క్షమాపణ ఇచ్చేశాడు. “బోలెడు మాటివ్వు, కొంచెమే నిలబెట్టుకో” అని గ్విడో సలహా. చనిపోయాక అతని సన్యాసుల సంఘాన్ని స్థాపించిన సాక్షాత్తూ సెయింట్ ఫ్రాన్సిస్ తీసుకెళ్లడానికి వస్తే, దయ్యం అడ్డుపడి లాజిక్ మాట్లాడుతుంది: పాపం చేయాలనుకుంటూనే దానికి పశ్చాత్తాపపడటం కుదరదు కదా! గ్విడో నరకానికే పోయాడు.

కొడుకు బ్వోన్‌కాంటె 1289లో కాంపాల్డినో యుద్ధంలో గొంతులో గాయంతో ఒక నది ఒడ్డున కూలిపోయాడు. చివరి క్షణంలో మేరీమాత పేరు, ఒక్క కన్నీటి బొట్టు. అంతే, దేవదూత వచ్చి తీసుకెళ్లాడు. చిన్న బొట్టు కోసం ఇతన్ని నా దగ్గర్నుంచి లాక్కుంటారా అని దయ్యం మండిపడుతుంది. ఇంకో సంగతి: అదే యుద్ధంలో డాంటే అవతలి పక్షాన పోరాడాడు. అంటే కాపాడింది తన శత్రువుని. పోప్ ఇచ్చిన క్షమాపణ కన్నా నిజమైన ఒక్క బొట్టే బరువైనదని ఆ రోజుల్లో రాయడానికి ఎంత గుండె ధైర్యం కావాలి!

నన్ను ఇబ్బంది పెట్టిన విషయమూ ఉంది. నరకంలో, పర్వతం మీద డాంటేకి దారి చూపిన ప్రాచీన రోమన్ కవి వర్జిల్ క్రీస్తుకు ముందు పుట్టాడు కాబట్టి స్వర్గంలోకి రాలేడు. ఇది న్యాయమా అనిపిస్తుంది. ఆశ్చర్యం ఏంటంటే, ఈ ప్రశ్న డాంటేనే వేస్తాడు, స్వర్గం 19వ సర్గలో. సింధు నది ఒడ్డున పుట్టినవాడు, అక్కడ క్రీస్తు గురించి చెప్పేవాళ్లే లేరు, బతుకంతా మంచిగానే బతికాడు. నమ్మకపోవడం అతని తప్పెలా అవుతుంది? సూటిగా మన నేల మీదే పెట్టాడు ప్రశ్నని! జానెడు చూపుతో వెయ్యి మైళ్ల దూరం తీర్పు చెప్పడానికి నువ్వెవరు అని స్వర్గం నుంచి జవాబొస్తుంది. “క్రీస్తు, క్రీస్తు” అని అరిచేవాళ్లలో చాలామంది, ఆయన ఎవరో తెలియనివాడికన్నా దూరంగా ఉంటారని కూడా. మొదటి సగం నాకు తృప్తినివ్వలేదు. రెండో సగం దగ్గర మాత్రం పుస్తకం మూసి చాలాసేపు ఆలోచించాను.

చాలామంది నరకం చదివి ఆపేస్తారు. దయచేసి ఆపకండి. నరకం 27వ సర్గ, పర్వతం 5వ సర్గ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఫ్లోరెన్స్ గొడవల పేర్లు బోలెడు వస్తాయి, కాబట్టి నోట్స్ ఉన్న ఎడిషనే తీసుకోండి. గ్విడోకి పడిన శిక్ష సరైనదేనా? కామెంట్లలో రాయండి.