బరువు అంతే, బలం ఎక్కువ: డబ్ల్యూడీజీ-4 గూడ్స్ ఇంజన్ కథ

[దృశ్యం: బ్రగాంజా ఘాట్. జోరువాన. బొగ్గు బండికి ముందూ వెనకా డీజిల్ ఇంజన్లు]

గోవాలోని కులెం నుంచి కర్ణాటక వైపు క్యాజిల్ రాక్ దాకా ఎక్కే దారి ఇది. ప్రతి 37 మీటర్లకూ ఒక మీటరు ఎత్తు. మార్ముగావ్ రేవులో దిగిన బొగ్గు ఈ కొండ ఎక్కితేనే బళ్లారి వైపు ఉక్కు కర్మాగారాలకు చేరుతుంది. పైగా ఇక్కడ వానాకాలంలో పట్టాలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. హుబ్బళ్లి షెడ్ వాళ్ల డబ్ల్యూడీజీ-4 ఇంజన్లు పేరు తెచ్చుకున్నది ఇలాంటి చోటే.

[పాత ఫొటోలు: ఆల్కో ఇంజన్, నల్లటి పొగ]

అంతకుముందు మన డీజిల్ బళ్ల భారం దాదాపు అంతా ఆల్కోలదే, అంటే ఆల్కో అనే అమెరికా కంపెనీ డిజైన్ ఇంజన్లదే. 1962లో అమెరికా నుంచి వచ్చిన డబ్ల్యూడీఎం-2, 2600 హార్స్‌పవర్. తర్వాత వారణాసి కర్మాగారం అదే జాతి ఇంజన్లను వేల సంఖ్యలో తయారుచేసింది. గూడ్స్ కోసం 3100 హార్స్‌పవర్ డబ్ల్యూడీజీ-3ఎ కూడా ఆ కుటుంబమే. కాజీపేట, గుత్తి షెడ్ల చుట్టుపక్కల పెరిగినవాళ్లకు ఆ ఇంజన్ చప్పుడు బాగా తెలుసు.

మరి వాటికి వచ్చిన ఇబ్బంది ఏమిటి? డీజిల్ ఇంజన్‌లో చక్రాన్ని తిప్పేది నిజానికి కరెంటు. డీజిల్ మండి ఆల్టర్నేటర్‌ను తిప్పుతుంది, ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరి ట్రాక్షన్ మోటార్లు తిరుగుతాయి. ఆల్కోల్లో అవి డీసీ మోటార్లు. ఎత్తు మీద బండి నెమ్మదించేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. ఆ స్థితిలో ఎక్కువసేపు నడిపితే కాలిపోతుంది. ఇంకో చిక్కు చక్రం జారడం. తడి పట్టా మీద చక్రం ఒకసారి జారిందంటే డీసీ మోటారు వేగం అందుకుంటూ పోతుంది. లోకో పైలట్ ఇసుక వేయాలి, పవర్ తగ్గించాలి. అక్కడితో బండి ఊపు పోతుంది.

[యానిమేషన్: ఏసీ మోటారు లోపలి భాగం]

1995లో భారతీయ రైల్వే జనరల్ మోటార్స్‌తో ఒప్పందం చేసుకుంది. 1999లో కొత్త ఇంజన్లు, అంటే మన డబ్ల్యూడీజీ-4లు, వచ్చాయి. 16 సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజన్, 4000 హార్స్‌పవర్. అందరూ ఈ 4000 అంకె గురించే చెబుతారు. నా దృష్టిలో అసలు మార్పు మోటార్లలో ఉంది. ఇవి త్రీ-ఫేజ్ ఏసీ మోటార్లు. డీసీ మోటార్లలో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు, కమ్యుటేటర్ వీటిలో లేవు. వేగం ఎంత ఉండాలో ఇన్వర్టర్ పంపే కరెంటు ఫ్రీక్వెన్సీ నిర్ణయిస్తుంది. చక్రం జారి ఆ వేగం హద్దు దగ్గరకు వచ్చిందంటే మోటారు బలం దానంతటదే పడిపోతుంది. అంటే జారే చక్రం అదుపు తప్పదు. మిగతాది కంప్యూటర్ చూసుకుంటుంది.

ఫలితం అంకెల్లో చూడండి. డబ్ల్యూడీజీ-3ఎ బరువు 123 టన్నులు, దీని బరువు 126. తేడా మూడంటే మూడు టన్నులు! బండి కదిలేటప్పుడు లాగే బలం మాత్రం సుమారు 38 టన్నుల నుంచి 50 టన్నుల పైకి వెళ్లింది. పట్టా మీద దాదాపు అదే బరువుతో ఇంత అదనపు పట్టు దొరకడం అద్భుతమే. నాకు ఈ ఇంజన్ అంటే ఇంత ఇష్టం అందుకే.

2002 నుంచి వీటిని వారణాసిలోనే కట్టారు. తర్వాత 4500 హార్స్‌పవర్, రెండు వైపులా క్యాబ్ ఉన్న డబ్ల్యూడీజీ-4డి వచ్చింది. లోకో పైలట్‌కు ఇది పెద్ద ఊరట. ఒకవైపే క్యాబ్ ఉన్నప్పుడు పొడవాటి హుడ్, అంటే ఇంజన్ యంత్రాలుండే భాగం, ముందుకు పెట్టి నడిపితే సిగ్నల్ సరిగా కనిపించదు మరి.

[దృశ్యం: కరెంటు తీగల కింద ఆగి ఉన్న డబ్ల్యూడీజీ-4]

ఈలోగా బ్రాడ్‌గేజ్ దారులు దాదాపు అన్నిటికీ కరెంటు తీగలు వచ్చేశాయి. వయసు మిగిలి ఉండగానే చాలా డీజిళ్లకు పని తగ్గింది. అయినా తుపానుకు తీగలు తెగిన రోజున, ప్రమాద స్థలానికి సహాయక బండి వెళ్లాల్సిన రోజున, షెడ్ నుంచి కదలాల్సింది డీజిలే.