90 రోజుల సంతకం

అందరికీ నమస్కారం. ఇందాక మిత్రులొకరు, మన ఊళ్ల నుంచి వచ్చే కూలీలకు ముందు స్కిల్ ట్రైనింగ్ కావాలన్నారు. నాకు ఆ మాట దగ్గరే పేచీ.

మన బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కట్టడం సాగుతున్న ఏ సైటుకైనా వెళ్లి చూడండి. పాలమూరు నుంచో కదిరి నుంచో వచ్చిన, స్లాబుకు అచ్చు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ, గది కొలతలు వినగానే ఎన్ని షీట్లు, ఎన్ని జాకీలు పడతాయో నోటి లెక్కతో చెప్పేస్తాడు. చిల్లర పనితో మొదలుపెట్టి, కూలీల గుంపును నడిపే మేస్త్రీ కింద ఏళ్ల తరబడి నేర్చుకున్న విద్య అది. ఇలాంటివాళ్లను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే వీలు 2015లో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఇస్తే మంచిదే. కానీ కూలీలను పనికి కుదుర్చుకునే అడ్డా మీద దాన్ని అడిగేవాడెవడు?

వీళ్ల విలువ ఎవరికీ తెలియక కాదు. 2020 మే మొదటి వారంలో, లాక్‌డౌన్ నడుమ, బిల్డర్లతో సమావేశమయ్యాక కర్ణాటక ప్రభుత్వం వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక రైళ్లు వద్దంది. గొడవయ్యాక మళ్లీ వేశారనుకోండి. స్కిల్ లేనివాళ్లయితే అంత కంగారెందుకు? వారం రోజులు ట్రైనింగ్ ఇచ్చి ఇంకెవరినైనా పెట్టుకోవచ్చుగా!

అసలు తిరకాసు కాగితం దగ్గరుంది. 1996 చట్టం పెట్టిన పద్ధతిలో నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సుగా వసూలై నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకు వెళ్తోంది. మనం కొన్న ఫ్లాట్ల ధరలో ఆ ముక్కా ఉంది. అది కూలీకి అందాలంటే పేరు నమోదవ్వాలి. వయసు 18, 60 మధ్య ఉండాలి. గడిచిన 12 నెలల్లో 90 రోజులు పని చేసినట్టు రుజువు చూపాలి. పనేమో బిల్డరు నుంచి కాంట్రాక్టరుకు, అక్కణ్ణుంచి సబ్ కాంట్రాక్టరుకు, చివరికి మేస్త్రీకి చేరుతుంది. సంతకం అడిగితే, ఇతను మా మస్టరులో, అంటే హాజరు పట్టీలో లేడంటారు పైవాళ్లు. మేస్త్రీ సంతకాన్ని ఆఫీసులో ఒప్పుకోరు. స్లాబు పడగానే గుంపు ఇంకో సైటుకు పోతుంది. ఇక రోజులు లెక్కపెట్టేదెవరు?

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు, కాంట్రాక్టరు తీసుకురాకుండా సొంతంగా వచ్చినవాళ్లను కూడా వలస కార్మికులుగా గుర్తించాయి. బాగుంది. వలస కార్మికుల కోసం వచ్చిన 1979 చట్టంలో, ఊరు వదిలి వచ్చినందుకు ఇవ్వాలన్న స్థానచలన భత్యం మాత్రం చడీచప్పుడూ లేకుండా పోయింది. అదెవరికి ముట్టింది గనక అంటారా, అదీ నిజమే.

ఈ హాల్లో ఇల్లు కట్టిస్తున్నవాళ్లు కొందరైనా ఉంటారు. కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఇచ్చే ముందు, పని చేసినవాళ్ల పేర్లు, రోజులు రాసిన కాగితం మీద అతని సంతకం పెట్టించండి. డబ్బు చేతికి రాక ముందైతే పెడతాడు. వచ్చాక ఫోనే ఎత్తడు.