చెరువు గట్టు మీద ప్రపంచం

సభాధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ఆర్థిక వ్యవస్థ, సాంకేతికత, అంతర్జాతీయ రాజకీయాలు మన సమాజాన్ని ఎలా మారుస్తున్నాయో చెప్పమని నన్ను పిలిచారు. ఆ మూడూ ఒక్కచోట కలిసే రొయ్యల చెరువు గురించి ఈ రోజు మాట్లాడతాను. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మీకు అది చిన్నప్పటి నుంచీ తెలిసిన చోటే.

2025 ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ భారత సరుకుల మీద 26 శాతం సుంకం ప్రకటించారు. వారం తిరగగానే, 10 శాతం మాత్రం ఉంచి, మిగతా భారాన్ని 90 రోజులు వాయిదా వేశారు. అయినా ఆ ప్రకటన వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇక్కడ రొయ్య కొనుగోలు ధర పడిపోయింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కేంద్ర వాణిజ్య మంత్రికి లేఖ రాయవలసి వచ్చింది. తర్వాత రష్యా చమురు తగవుతో అది ఇంకా పెరిగి, మొత్తం 50 శాతం సుంకం అమలైంది ఆగస్టు 27న. అంటే పూర్తి సుంకం రేవుకు చేరడానికి నాలుగు నెలలకు పైగా ముందే దాని భయం చెరువు గట్టుకు చేరింది. ఆ ఏప్రిల్‌లో మా బంధువుల్లో ఒక కౌలు రైతు నాకు తన ఫోను చూపించాడు. వాట్సాప్‌లో ముందు రోజు 40 కౌంటు, అంటే కిలోకు నలభై తూగే రొయ్య, ధర ఒకటి, ఆ ఉదయం ఇంకొకటి. "ధర దిగడానికి ఒక్క రాత్రి చాలింది బాబాయ్, మేత బస్తా ధర మాత్రం నిన్నటిదే" అన్నాడు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఆ చెరువులో ఉన్నది మన రొయ్య కాదు. ఒకప్పుడు మన తీరంలో పెంచింది టైగర్ రొయ్యను. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులు దాన్ని ఊడ్చిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది, 2005లో తీరప్రాంత ఆక్వా సాగుకు ప్రత్యేక చట్టం వచ్చింది. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్య సాగుకు అనుమతి లభించింది. వెనామీ పుట్టిల్లు లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం. తెగుళ్లు లేకుండా పెంచిన తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలో క్వారంటైన్ దాటి, మన హేచరీలకు చేరి సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, ఇస్తాయి. విత్తనం విమానంలో వచ్చి, పంట ఓడలో పోయే సాగు ఇది. 2024-25లో భారతదేశం 16.98 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులను ఎగుమతి చేసి 62,408 కోట్ల రూపాయలు ఆర్జించింది. ఆ విలువలో మూడింట రెండు వంతులు గడ్డకట్టించిన రొయ్యదే. దాన్ని అందరికంటే ఎక్కువగా కొన్నది అమెరికా, ఎక్కువగా పండించినది ఆంధ్రప్రదేశ్.

ఈ సాగు ఎంత సున్నితమైనదో తెలియాలంటే తెల్లవారుజామున మూడు గంటలకు గట్టు మీద నిలబడాలి. పగలు ఎండలో ప్రాణవాయువునిచ్చే నీటి నాచు రాత్రి అదే ప్రాణవాయువును పీల్చుకుంటుంది. తెల్లవారబోయే ముందు నీటిలో అది అడుగంటుతుంది. అందుకే నీటిలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ అందుకోవాలి, ఆ డీజిల్ ఖర్చూ రైతుదే. టార్చి వెలుగులో చెక్ ట్రే పైకి తీసి, మేత ఎంత మిగిలిందో వేళ్లతో తడిమి చూసుకునే మనిషికి మరుసటి పూట ఏం చేయాలో తెలుస్తుంది. వాషింగ్టన్‌లో మరుసటి వారం ఏం జరుగుతుందో మాత్రం అతనికి తెలిసే దారి లేదు. ధర బాగోలేదని పంటను ఆపుకునే వీలూ లేదు, ఎందుకంటే చెరువులో ఉంచిన ప్రతి రోజూ మేత ఖర్చు, తెగులు భయం పెరుగుతూనే ఉంటాయి.

ఊళ్లు కూడా మారాయి. మాగాణి చెరువైంది. వరి కంటే లీజు లాభమని భూమి ఉన్నవారు పట్నం చేరారు. నష్టమంతా లీజుకు తీసుకున్నవాడి నెత్తిన మిగిలింది. నాట్లు, కలుపులు, కోతలు పోవడంతో ఆ పనులు చేసిన ఆడవాళ్లు ఇప్పుడు వ్యాన్లెక్కి ప్రాసెసింగ్ ప్లాంట్లకు వెళ్లి, మంచునీళ్లలో చేతులు పెట్టి రొయ్య తలలు తీస్తున్నారు, పొట్టు ఒలుస్తున్నారు. చుట్టూ కాలువలున్న ఊళ్లలో తాగునీరు డబ్బాల్లో కొంటున్నారు. ఈ మార్పులో మంచి లేదని నేను అనను. ఈ రొయ్య చదివించిన పిల్లలు ఈ హాలులోనే ఉంటారు. మళ్లీ వరికి వెళ్లిపొమ్మనే సలహాను నేను ఒప్పుకోను, ఉప్పు ఎక్కిన నేలకు ఆ సలహా పనికిరాదు.

నా అభ్యంతరం నష్టం పంపిణీ మీద. పోటీదారైన ఈక్వడార్ సరుకు మీద ఆ ఆగస్టులో అమెరికా వేసిన సుంకం 15 శాతం. మన రొయ్య మీద అప్పుడు 50 శాతానికి తోడు, మరీ చవగ్గా అమ్ముతున్నారంటూ వేసే యాంటీ డంపింగ్ వంటి పాత సుంకాలూ ఉండేవి. ఆ తేడాకు మన రైతు చేసిన తప్పు ఏదీ లేదు, రష్యా చమురు విషయంలో రెండు దేశాల మధ్య వచ్చిన తగవు ఆ 50 శాతంలో సగానికి కారణం. అయినా ఆ భారం ఎగుమతిదారు నుంచి కొనుగోలుదారుకు, అతని నుంచి రైతుకు, రైతు నుంచి కూలీకి దిగుతూ వచ్చింది. యూరప్, చైనా, జపాన్ మార్కెట్లు వెతకడం మంచిదే, కానీ గట్టు మీద ధర ఎవరు, ఏ లెక్కతో నిర్ణయిస్తున్నారో తేలనంత కాలం కొనే దేశం మారినా రైతు పరిస్థితి మారదు.

అర్థశాస్త్ర విద్యార్థులను ఒకటి కోరుతున్నాను. ఈ ఏడాది ప్రాజెక్టుకు పది ఊళ్లు ఎంచుకోండి. ప్రతి ఉదయం కౌంటు ధర, మేత బస్తా ధర, ప్లాంటులో ఆడకూలీకి ముట్టిన రోజు కూలి, ఈ మూడింటినీ ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి. ఏడాది పూర్తయ్యాక ఆ పుస్తకం పట్టుకుని జిల్లా కలెక్టరు దగ్గరికి వెళ్లండి. పిలిస్తే నేనూ మీ వెంట వస్తాను.