తాతబ్బాయి అసలు పేరేమిటి?

సభకు నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది మూడు నాలుగు తరాలుగా చెన్నైలో ఉంటున్న తెలుగు కుటుంబాలవాళ్లే. వంశవృక్షం ఎందుకు రాసుకోవాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. చాలామంది మొదలుపెట్టి ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటారు. ఆ ఆగినచోట ఒక బుజ్జమ్మో, చిట్టిబాబో, తాతబ్బాయో కూర్చుని ఉంటారు. ఫొటో ఉంది, కథలు బోలెడున్నాయి, అసలు పేరు మాత్రం ఎవర్నడిగినా తెలియదు.

అది మన మతిమరుపు కాదు. ఆ పేరుతో ఇంట్లో ఎవరూ పిలవలేదు, అంతే. మనవడికి తాత పేరు పెట్టడం మన ఆచారం. మామగారి పేరు కోడలి నోట రాకూడదన్నదీ మన ఆచారమే. ఇక ఆ కోడలు కన్నకొడుకును పిలిచేదెలా? పిలవడం సరే, తిట్టాలంటే? మామగారి పేరుకు ముందు 'ఒరేయ్' తగిలించలేదు కదా. అందుకని వాడు తాతబ్బాయి అయ్యాడు. అత్తగారి పేరు పెట్టుకున్న పిల్ల అమ్మడు అయింది, అమ్మాజీ అయింది. కాబట్టి ముద్దుపేరు చూసి విసుక్కోకండి, అది చాలాసార్లు దారి చూపిస్తుంది. తాతబ్బాయి కనిపిస్తే అతని తాత పేరు కనుక్కుని, దస్తావేజుల్లో ముందు ఆ పేరే వెతకండి. చాలా ఇళ్లలో పెద్దవాడికి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు పెట్టేవారు. అన్ని ఇళ్లలో కాదు.

పెంటయ్య, పెంటమ్మ, ఇక్కడైతే కుప్పుస్వామి, కుప్పమ్మ వంటి పేర్లు కూడా ఊరికే పెట్టలేదు. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, దిష్టి తగలకూడదని పెట్టేవారు. మీ చెట్టులో ఒక పెంటయ్య పెద్దకొడుకుగా కనిపిస్తే, అతనికి పైన ఎవరో ఉండి పోయారేమో అడగండి.

మధ్యపేర్ల సంగతి వేరు. అన్నదమ్ములు నలుగురూ వెంకటలే అయితే, వెంకట ఎవరినీ గుర్తుపట్టించదు. అది కులదైవం మీద భక్తికి గుర్తు. అయినా గుమాస్తా ఒకచోట వెంకట సుబ్బయ్య అని, ఇంకోచోట సుబ్బయ్య అని, మూడోచోట వెంకయ్య అని రాస్తాడు. ముగ్గురూ ఒకరేనా? తండ్రి పేరు, ఊరు, భార్య పేరు, ఈ మూడూ కలిస్తే తప్ప నేను ఒకరే అనను.

మన చెన్నైకి ప్రత్యేకమైన తలనొప్పి ఇనీషియల్. ఆంధ్రలో పేరు ముందున్న అక్షరం ఇంటిపేరుది. ఇక్కడ తమిళుల పద్ధతిలో తండ్రి పేరుది. ఇక్కడికొచ్చిన కుటుంబాల్లో అన్న ఇంటిపేరు ఉంచుకుంటాడు, తమ్ముడు బడిలో చేరినప్పుడు తండ్రి పేరులోని అక్షరం రాయించుకుంటాడు. కాగితం మీద చూస్తే ఇద్దరికీ చుట్టరికమే లేదు. మనవల నాటికి నాయుడు, రెడ్డియార్ వంటివి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోకి ఎక్కుతాయి. అసలు ఇంటిపేరు పెళ్లి సంబంధాలప్పుడు తప్ప ఎవరికీ గుర్తుకురాదు. దత్తత వెళ్లినవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఇంటిపేరు, గోత్రం రెండూ మారిపోతాయి.

రాసిన లిపిని కూడా పట్టించుకోవాలి. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం. త, దలకూ అంతే, ప, బలకూ అంతే. తమిళ ఓటర్ల జాబితాలో బాలమ్మను పాలమ్మ అని కూడా చదవొచ్చు. దాన్ని ఎవరో ఇంగ్లీషులోకి ఎక్కిస్తే తప్పు స్థిరపడిపోతుంది. పాత ఇంగ్లీషు స్పెల్లింగులు ఇంకా వింత. మద్రాసు సదర్ కోర్టులో, అంటే కంపెనీ కాలంనాటి పెద్ద కోర్టులో, అనువాదకుడిగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు 1839లో పోయారు. ఆయన ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథ 1873లో ఇక్కడే అచ్చయింది. అందులో సుబ్బారావు కాస్తా 'సూబ్‌రో'. ఈనాటి స్పెల్లింగుతో వెతికితే ఆయన దొరకడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు కిందే ఉన్నాయి కాబట్టి, పాత ప్రభుత్వ రికార్డులుండే ఎగ్మూర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లేవాళ్లు ఇలాంటి స్పెల్లింగులన్నీ ముందే రాసుకుని వెళ్లాలి.

జనన రిజిస్టర్లో పిల్లవాడి పేరు వెతికి, లేదని వచ్చేయకండి. నామకరణానికి ముందే జననం నమోదు చేయించేవారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కూడా పేరు లేకుండా నమోదు చేసి, తర్వాత చేర్చుకోనిస్తుంది. ఆ చేర్చడం చాలామంది చేయలేదు. తండ్రి పేరుతో, తేదీతో వెతకాలి.

రెండు పేర్లూ ఒకేచోట దొరికేది ఆస్తి దస్తావేజుల్లో. 'ఫలానా అలియాస్ ఫలానా' అని రాయించుకున్నారంటే, కొన్నవాడు తర్వాత తగాదా రాకూడదని జాగ్రత్తపడ్డాడన్నమాట. ఆ జాగ్రత్త ఇప్పుడు మనకు పనికొస్తుంది. తర్పణాలు వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత, అటు వాళ్ల భార్యల పేర్లు గోత్రంతో సహా కంఠతా ఉంటాయి. చివర శర్మ, గుప్త వంటివి చేరతాయి, వెంకట వంటివి రాలిపోతాయి, అది గమనించుకోవాలి. ఆడవాళ్ల పేర్లకు నేను ఎక్కువగా నమ్మేది అటకమీది ఇత్తడి సామాను. పుట్టింటివారు సారెలో ఇచ్చిన బిందె మీద పుట్టింటి పేరే చెక్కించి ఉంటుంది. అత్తారింట్లో పేరు మార్చిన కుటుంబాల్లో ఇంకెక్కడా అది దొరకకపోవచ్చు. పాతసామానుకు వేసేముందు అడుగుభాగం, అంచు ఫొటో తీసుకోండి.

ఇక పెద్దవాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు 'బామ్మా, నీ అసలు పేరేమిటి' అని మొదలుపెట్టొద్దు. ఆధార్ కార్డులో పేరు చెప్పి ఊరుకుంటారు. పుట్టింట్లో ఏమని పిలిచేవారు, అత్తగారు ఏమనేవారు, తాతయ్య ఏమనేవారు, బడిలో ఏమని రాశారు, ఇలా విడివిడిగా అడగండి. ప్రతి పేరు పక్కనా పిలిచినవారెవరో రాసుకోండి. తాతయ్య ఏమనేవారో చెప్పడానికి కొంచెం సిగ్గుపడతారు, తొందరపెట్టకండి. మీలో ఎవరైనా పాత దస్తావేజులు తెచ్చుంటే ఇటు తీసుకురండి, కలిసి చూద్దాం.