హెర్మన్ కోసం నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. పది నిమిషాలే ఇచ్చారు కాబట్టి దండలూ శాలువాలూ వదిలేసి విషయంలోకి వచ్చేస్తున్నా.

ముందే చెప్తున్నా, ఇవాళ వేస్తున్న 'ద వాంపైర్ బ్యాట్' సినిమా చూసి మీరు ఉసూరుమంటారు. 1933 జనవరిలో వచ్చింది, మెజెస్టిక్ పిక్చర్స్ అనే చిన్న కంపెనీ తీసింది, సొంత సెట్లు లేక యూనివర్సల్ వాళ్లు 'ఫ్రాంకెన్‌స్టైన్' సినిమాకి వాడిన ఊరి సెట్‌లోనే రాత్రిపూట షూటింగ్ కానిచ్చేశారు. నటుల్లో లయనెల్ అట్విల్ ఉన్నాడు, ఫే రే ఉంది, లేనిదల్లా వాంపైరే, అంటే రక్తం తాగే పిశాచమే! రక్తం లాగేది ఊరి డాక్టరు, ల్యాబ్‌లో తను పుట్టించిన జీవానికి పోయడానికి. కథ చెప్పేశానని తిట్టుకోకండి, నా బాధ వేరే.

నా బాధ ఇందులోని హెర్మన్ అనే పాత్ర గురించి. ఆ వేషం వేసింది డ్వైట్ ఫ్రై, 1931 'డ్రాకులా'లో రెన్‌ఫీల్డ్ అనే పిచ్చివాడి వేషం వేసింది కూడా ఆయనే. హెర్మన్ ఒట్టి అమాయకుడు, గబ్బిలాల్ని చేతిలో పెట్టుకుని నిమురుతాడు, పిల్లిలా మెత్తగా ఉంటాయంటాడు. అంతే, వీడే వాంపైర్ అని జనం కాగడాలు పట్టుకుని తరుముతారు, గుహలోకి పారిపోయి అక్కణ్ణించి దూకి చచ్చిపోతాడు. తర్వాత అసలువాడు దొరుకుతాడు, చివర్లో హీరోయిన్ ఆంటీ కామెడీ, సినిమా అయిపోతుంది. మరి హెర్మనో? వాడి ప్రాణానికి ఎవరండీ జవాబుదారీ?

మా ఊరి చెరువుగట్టు మీద ఒక తాత ఒంటరిగా ఉండేవాడు, పిల్లలకి చింతకాయలు కోసి పెట్టేవాడు. నాకప్పుడు పదేళ్లు. వరసగా మూడు గేదెలు చచ్చేసరికి తాత చేతబడి చేశాడన్నారు. రాత్రి పెట్రోమాక్సు లైట్లు పట్టుకుని జనం వెళ్లారు, మా నాన్న వెళ్లాడు, వెనకాలే నేనూ వెళ్లాను, అందరూ రాళ్లేస్తుంటే నేనూ వేశాను. గుడిసె తగలబెట్టారు. తెల్లారేసరికి తాత లేడు. వారం తర్వాత పశువుల డాక్టరు వచ్చి అది గొంతువాపు రోగమని చెప్పి మిగతా గేదెలకి సూదులేసి వెళ్లాడు. తాతని వెతకడానికి మాత్రం ఒక్కరూ కదల్లేదు, మా ఇంట్లో ఆ మాటే ఎత్తేవాళ్లు కాదు.

అమ్మా, అయ్యా, మీకో దణ్ణం. అప్పట్లో ఈ సినిమా ప్రింట్లు కొన్నింటిలో ఆ కాగడాల మంటలకి చేత్తో రంగులద్దారు, నలుపు తెలుపు బొమ్మలో మంట ఒక్కటే ఎర్రగా కనిపించేది. ఆ సీన్ వచ్చినప్పుడు ఈలలు వెయ్యకండి, నవ్వకండి. హెర్మన్ మొహం చూడండి.

లైట్లు ఆపు బాబూ.